మురుగు తాగే నీళ్లలో కలిసేది ఎక్కడ?

ఇంటి గేటు బయట సైడు కాలువ మీద పరిచిన బండ ఒకటి పక్కకి జరిపి లోపలికి చూడండి. చాలా వీధుల్లో అక్కడ ఒక అర అంగుళం జీఐ పైపు కాలువకి అడ్డంగా, సగం మురుగులో మునిగి కనిపిస్తుంది. రోడ్డు కింద ఉన్న మెయిన్ లైను నుంచి మీ సంపులోకి మంచినీళ్లు తెచ్చే పైపు అదే. మురుగులో నాని నాని తుప్పు పట్టి, పొలుసులు లేచి ఉంటుంది. దానికి చిల్లు పడినా ఎవరికీ తెలియదు. నీళ్లు వదిలినప్పుడు లోపలి ప్రెషర్‌కి మంచినీళ్లే బయటికి కారి కాలువలో కలిసిపోతాయి. నీళ్లు కట్టేశాక వ్యవహారం తిరగబడుతుంది. ఖాళీ అవుతున్న లైను గాలిని లాగినట్టే, ఆ చిల్లులోంచి కాలువ నీళ్లనీ లాగుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే మీ సంపులో ముందు పడేవి అవే.

మన ఊళ్లలో 24 గంటలూ లైనులో నీళ్లుండవు. రోజుకి గంటో, రోజు విడిచి రోజో వదులుతారు. అంటే వాల్వు కట్టిన ప్రతిసారీ ఈ లాగుడు జరుగుతుంది. వానాకాలంలో కాలువలు నిండుగా పారుతున్నప్పుడు చిల్లు పూర్తిగా మురుగులో మునిగి ఉంటుంది కాబట్టి అప్పుడే జబ్బులు ఎక్కువ. ఎండాకాలంలో నీళ్లు తక్కువసేపు వదులుతారు, లైను ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది, అప్పుడూ ముప్పే. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగే నీళ్లలో మురుగు కలిసి వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయాయి. రెండూ వానాకాలం రాకముందే జరిగాయి.

తెలంగాణ పల్లెల్లో కలరాని గత్తర అంటారు. కోస్తాలో వాంతులు భేదులు అంటే చాలు, అర్థమైపోతుంది. మురుగుతో వచ్చే జబ్బుల్లో ఇది అందరికీ తెలిసినది. టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ, పిల్లల విరేచనాలకి కారణమయ్యే రోటావైరస్, జిగట విరేచనాలు, జియార్డియా, ఏలికపాములు, ఇవన్నీ ఒకరి మలం నుంచి ఇంకొకరి నోట్లోకి చేరే జబ్బులే. దారి మాత్రం ఇంటి మురుగు.

వీటిలో పచ్చకామెర్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. కలరా కొన్ని గంటల నుంచి 5 రోజుల్లోపు బయటపడుతుంది. అందుకే నీళ్ల మీద అనుమానం వెంటనే వస్తుంది. టైఫాయిడ్‌కి 1 నుంచి 3 వారాలు పడుతుంది. హెపటైటిస్-ఎ సగటున 4 వారాలకి, హెపటైటిస్-ఇ అయితే 2 నుంచి 10 వారాల మధ్య ఎప్పుడైనా కనిపిస్తుంది. కళ్లు పచ్చబడే నాటికి ఎప్పుడో నెల కిందట రెండు రోజులు నీళ్లు వాసన వచ్చిన సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. బయట తిన్న తిండి మీద నెపం పడుతుంది. పైపు అలాగే ఉంటుంది. గర్భంతో ఉన్నవాళ్లకి, ముఖ్యంగా చివరి మూడు నెలల్లో, హెపటైటిస్-ఇ ప్రాణాంతకం. అలా జబ్బు పడ్డవాళ్లలో నూటికి 20, 25 మంది దాకా చనిపోవచ్చు. కాబట్టి గర్భిణికి కామెర్లు కనిపిస్తే పసరు మందు కోసం తిప్పకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

1955 డిసెంబరు, 1956 జనవరి నెలల్లో ఢిల్లీలో జరిగింది ఇక్కడ చెప్పాలి. నజఫ్‌గఢ్ కాలువ మురుగు యమునలో వెనక్కి తన్ని, నగరానికి నీళ్లు తోడే చోటికి చేరింది. నీటి విభాగం వాళ్లు క్లోరిన్ పెంచారు. టైఫాయిడ్ లాంటివి పెద్దగా పెరగలేదు కానీ సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. దాచి ఉంచిన రక్త నమూనాలని తర్వాతి కాలంలో పరీక్షిస్తే అది హెపటైటిస్-ఇ అని తేలింది. బ్యాక్టీరియా చచ్చినంత సులభంగా వైరస్ చావదు. నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ ఆ మడ్డికే ఖర్చయిపోతుంది. మురుగు కలిశాక మందు వేయడం కన్నా కలవకుండా చూడటం మీదే నా పట్టుదలంతా అందుకే.

ఆ నాలుగడుగుల పైపు

చాలా ఇళ్లలో ఆర్వో మిషన్ ఉంటుంది. దాని ఫిల్టర్లు ఏటా మారుస్తారు. కాలువ దాటే నాలుగడుగుల పైపుని మాత్రం ఇల్లు కట్టినప్పటి నుంచి ఎవరూ చూసి ఉండరు. ఆర్వో నీళ్లు తాగడానికే. పళ్లు తోముకునేదీ, గిన్నెలు కడిగేదీ, కొత్తిమీర కడిగేదీ, పిల్లలు స్నానం చేస్తూ మింగేదీ సంపు నీళ్లే. ముందు ఆ పైపు సంగతి చూడాలి.

పాత జీఐ పైపు తీసేసి, మెయిన్ దగ్గర ఫెర్రుల్ (మెయిన్‌కి మీ పైపుని కలిపే బిగింపు) నుంచి కాంపౌండు లోపలి దాకా ఒకే ముక్కగా నీలం రంగు ఎండీపీఈ ప్లాస్టిక్ పైపో, నల్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపో వేయించండి. మధ్యలో జాయింటు ఉండకూడదు. తప్పదంటే అది కాలువ కిందా, కాలువలోనూ కాకుండా చూడండి. పైపు కాలువని దాటే చోట 2 అంగుళాల పీవీసీ పైపుని తొడుగులా వేసి, అది కాలువ గోడలు దాటి అటూ ఇటూ అడుగు చొప్పున బయటికి వచ్చేట్టు పెట్టాలి. తొడుగు రెండు చివరలా సీలు చేయించండి, లేకపోతే మురుగు అందులో చేరి నిలుస్తుంది. వీలైతే పైపుని కాలువ మీది నుంచే తీసుకెళ్లాలి. మంచినీటి లైనూ మురుగు లైనూ పక్కపక్కనే వెళ్లేచోట వాటి మధ్య 3 మీటర్ల దూరం, ఒకదాన్నొకటి దాటేచోట మంచినీటి పైపు కనీసం అర మీటరు పైన ఉండాలన్నది ఇంజినీర్లు పాటించాల్సిన లెక్క. ఇరుకు సందుల్లో 3 మీటర్లు ఎక్కడా దొరకదు. పైన ఉండటం మాత్రం ఎక్కడైనా సాధ్యమే. రోడ్డు తవ్వి మున్సిపాలిటీ లైను ముట్టుకునే పని వాళ్ల అనుమతితో, వాళ్ల ఫిట్టరు చేతే జరగాలి.

పైపు బాగున్నా చెడగొట్టే అలవాట్లు మూడున్నాయి. మొదటిది, పంపు లైనుకి నేరుగా మోటారు బిగించడం. మోటారు వేసిన ఇంటికి నీళ్లు బాగా వస్తాయి, నిజమే. కానీ అది లైనులో ప్రెషర్‌ని సున్నా కన్నా కిందికి దించుతుంది. అంటే నీళ్లు వదిలి ఉన్న సమయంలో కూడా వీధి మొత్తం మీద ఉన్న ప్రతి చిల్లులోంచీ మురుగు లోపలికి వస్తుంది. మోటారు ఒక ఇంట్లో, విరేచనాలు నాలుగిళ్లలో. నీళ్లు ముందు సంపులోకి తమంతట తాము పడాలి, మోటారు సంపులోంచే తోడాలి. ఇందులో రాజీ లేదు.

రెండోది, పంపు గుంట. ప్రెషర్ లేదని నేలలో రెండడుగులు తవ్వి, పైపుని అక్కడ కోసి, గుంటలో బిందె పెట్టి పట్టుకుంటారు. బిందె కారిన నీళ్లు, కాళ్లు కడిగిన నీళ్లు, పక్కన గిన్నెలు తోమిన నీళ్లు అన్నీ ఆ గుంటలోనే నిలుస్తాయి. నీళ్లు కట్టేయగానే ఆ గుంటలో ఉన్నదంతా తెరిచి ఉన్న పైపులోంచి వెనక్కి వెళ్తుంది. గుంటని పూడ్చి, కొళాయిని నేల నుంచి రెండడుగుల ఎత్తున పెట్టి, దాని కింద సిమెంటు గచ్చు వేయాలి. అంత ఎత్తుకి నీళ్లు ఎక్కకపోతే వీధి చివరి వాళ్లంతా కలిసి ప్రెషర్ గురించి అర్జీ పెట్టాలి గానీ గుంట తవ్వకూడదు. కనీసం ఈలోగా నీళ్లు పట్టుకోవడం అయిపోగానే పైపుకి మూత బిగించండి.

మూడోది చిన్నదే. కొళాయికి తగిలించిన రబ్బరు పైపు కొసని బకెట్లోనో డ్రమ్ములోనో ముంచి వదిలేయడం. నీళ్లు కట్టగానే బకెట్లో నీళ్లు లైనులోకి వెళ్తాయి. ఆ బకెట్లో నానబెట్టినవి పసిపిల్లల గుడ్డలైతే మరీ. సంపులోకి వచ్చే పైపు కొస కూడా సంపు పూర్తిగా నిండినా నీళ్లకి తగలకుండా అరడుగు పైనే ఉండాలి.

సంపూ సెప్టిక్ ట్యాంకూ ఒకే చోట

వంద గజాల స్థలంలో ఇల్లు కడితే సంపూ సెప్టిక్ ట్యాంకూ రెండూ కారు పెట్టే చోటే వస్తాయి. మధ్యలో ఒకే గోడ ఉన్న ఇళ్లు కూడా కనిపిస్తాయి. రెండూ ఇటుక గోడలే, రెండింటికీ సిమెంటు పూతే. సంపు నిండా నీళ్లున్నంత సేపూ అటు నుంచి ఇటు రాదు. సంపు అడుగంటిన రోజు పక్కన నిండుగా ఉన్న సెప్టిక్ ట్యాంకు నుంచి సన్నగా ఊట మొదలవుతుంది. దీన్ని కనిపెట్టడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఒక రాత్రి సంపు నింపి, వచ్చే పోయే వాల్వులు కట్టేసి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత పెట్టండి. తెల్లారి మట్టం దిగితే గోడ కారుతోంది. తర్వాత సంపు మొత్తం తోడేసి, గుడ్డతో తుడిచి, మూడు నాలుగు గంటల తర్వాత పై నుంచే టార్చి వేసి చూడండి. సెప్టిక్ ట్యాంకు వైపు గోడ మీద చెమ్మ మరకలా వ్యాపిస్తుంటే ఆ సంపు నీళ్లు వాడటం ఆ రోజే ఆపాలి. పై పూతలతో సరిపెట్టకండి. ఏదో ఒకటి అక్కడి నుంచి కదలాల్సిందే. తోడేసిన సంపులోకి దిగి చూడాల్సి వస్తే మూత చాలాసేపు తెరిచి ఉంచి, పైన ఇంకో మనిషి ఉన్నప్పుడే దిగండి.

సంపు మూత నేల మట్టానికి ఉంటే వాన నీళ్లూ, కారు కడిగిన నీళ్లూ, కుక్కలు తిరిగిన మట్టీ లోపలికే. మూత చుట్టూ అరడుగు ఎత్తు గట్టు కట్టి, గట్టు మీదికి వంగి మూసే మూత పెట్టించండి.

ఇక సెప్టిక్ ట్యాంకు. బయటికొచ్చే నీళ్లు తేటగా కనిపిస్తాయి కాబట్టి శుభ్రమైపోయాయని చాలామంది నమ్మకం. ట్యాంకు చేసేదల్లా గట్టి పదార్థాన్ని అడుక్కి దించి కొంత కుళ్లబెట్టడం. వైరస్‌లు, బ్యాక్టీరియా, పురుగుల గుడ్లు ఆ తేట నీళ్లలో లక్షల్లో బయటికి వస్తాయి. ఆ పైపుని వీధి కాలువలో వదలడమంటే మొదటి పేరాలో చెప్పిన తుప్పు పైపు మీద పోయడమే. ఆ నీళ్లు సోక్ పిట్‌లోకి వెళ్లి మట్టిలో ఇంకాలి, లేదా మురుగు మెయిన్‌లో కలవాలి.

భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం 5 మంది ఇంటికి ట్యాంకు లోపలి కొలతలు 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, నీళ్ల మట్టం సుమారు 1 మీటరు. దాని పైన 30 సెంటీమీటర్ల ఖాళీ. మేస్త్రీలు ఎక్కువగా చేసే తప్పులు కొలతల్లో ఉండవు, పైపుల్లో ఉంటాయి. బయటికి పోయే పైపు, లోపలికి వచ్చే పైపు కన్నా 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. రెండింటికీ 'టీ' (T ఆకారపు జాయింటు) తగిలించి, దాని కాలు నీళ్లలోకి దిగేట్టు పెట్టాలి. టీ లేకపోతే పైన తేలే తెట్టె నేరుగా బయటికి పోయి సోక్ పిట్ రంధ్రాలు మూసుకుపోతాయి. ఏడాదిలో సోక్ పిట్ పొంగుతోందంటే చాలావరకు కారణం ఇదే. అడుగు మడ్డిని 2, 3 ఏళ్లకోసారి తోడించాలి. పూర్తిగా కడిగి ఖాళీ చేయించకుండా ఒక అంగుళం మడ్డి వదిలేస్తే కుళ్లబెట్టే బ్యాక్టీరియా మిగిలి ఉంటుంది. ట్యాంకులో ఫినాయిల్, యాసిడ్ బాటిళ్లకి బాటిళ్లు పోస్తే అదీ చస్తుంది.

ట్యాంకులోకి మనిషి దిగకూడదు. దించకూడదు. లోపలి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రెండు మూడు శ్వాసల్లో మనిషిని పడేస్తుంది. కాపాడటానికి దిగిన రెండో మనిషీ పోతాడు. మనుషుల చేత మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం ఇది నేరం కూడా. మిషన్ బండినే పిలవండి. అది తోడుకెళ్లింది ఏ చెరువులోనో పోయకుండా శుద్ధి కేంద్రానికే చేరుతుందా అని అడగండి. లైసెన్సు ఉన్న బండివాళ్లు చెబుతారు.

సోక్ పిట్‌కీ బోరుకీ మధ్య 18 మీటర్లు, అంటే 60 అడుగులు ఉండాలని అదే ఐఎస్ 2470 ప్రమాణం అంటుంది. ఈ లెక్క మామూలు మట్టి నేలలకి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ పైన నాలుగు గజాలు మట్టి, కింద గ్రానైటు రాయి. రాయి నీటిని వడకట్టదు. పగులు దొరికితే మురుగు అందులో పడి ఎంత దూరమైనా పోతుంది. అలాంటి చోట దూరం కన్నా బోరు కేసింగు (బోరు గోడలకి తొడిగే పైపు) ముఖ్యం. కేసింగు పైపు గట్టి రాయిలోకి దిగి ఆగాలి, దాని చుట్టూ ఉన్న సందుని సిమెంటుతో నింపాలి, నేల మీద అడుగు ఎత్తున నిలవాలి. డబ్బు మిగులుతుందని కేసింగు సగంలో ఆపిన బోర్లలోకి పై మట్టిలో ఇంకిన మురుగంతా పైపు వెంబడే జారుతుంది. నల్లరేగడి నేలది ఇంకో రకం తంటా. ఆ నేల ఇంకించుకోదు, సోక్ పిట్ పొంగుతుంది. అక్కడ నేల మట్టానికి పైన ఇసుక, కంకర పోసిన గట్టు లాంటి బెడ్ వేసి నీళ్లని అందులోకి వదలడం మేలు.

ఒక మాట దగ్గర జరుగుతున్న పొరపాటు చెప్పాలి. వాన నీళ్లని భూమిలోకి పంపే గుంతనీ ఇంకుడు గుంతే అంటాం, బాత్రూం నీళ్లు ఇంకే గుంతనీ ఇంకుడు గుంతే అంటాం. మొదటిది బోరు పక్కనే కడతారు, అది మంచిదే. తర్వాత ఎవరో వంటింటి పైపుని, ఆ పైన బాత్రూం పైపుని అందులోనే కలుపుతారు. ఇక బోరులోకి మురుగు గరాటు పెట్టి పోసినట్టే. ఎండిపోయిన బోరులోకి మురుగు వదలడం ఇంకా ఘోరం. ఆ ఒక్క బోరు వల్ల చుట్టుపక్కల బోర్లన్నీ పాడవుతాయి, బాగు చేసే దారి కూడా ఉండదు. బోరు నీళ్లలో నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటిందని రిపోర్టు వస్తే ఎరువులతో పాటు పక్క సెప్టిక్ ట్యాంకుల్ని కూడా అనుమానించాలి.

పల్లెల్లో వరలు దించి కట్టే మరుగుదొడ్లలో వరలు ఎన్ని ఎక్కువైతే అంత మంచిదనుకుంటారు. పది, పదిహేను వరలు దించితే గుంట నేరుగా భూగర్భ జలంలోకి దిగినట్టే. గుంట అడుగుకీ ఊట నీటి మట్టానికీ మధ్య కనీసం 2 మీటర్ల మట్టి మిగలాలి. లోతు తక్కువ గుంటలు రెండు వేసి, ఒకటి నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని ఏడాదిన్నర ముట్టకుండా వదిలేయాలి. ఆ గడువు ఏలికపాముల గుడ్ల కోసం. మిగతా క్రిములు ముందే చస్తాయి, ఈ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి.

బాత్రూం నీళ్లేగా అనే మాట

మరుగుదొడ్డి నీళ్లు వేరు, స్నానం నీళ్లూ బట్టలు ఉతికిన నీళ్లూ వేరు అని విడదీయడం మంచిదే. మొక్కలకి వాడుకోవచ్చు కూడా. కానీ పసిపిల్లల్ని కడిగిన నీళ్లు, వాళ్ల గుడ్డలు ఉతికిన నీళ్లు, విరేచనాలు పట్టిన మనిషి స్నానం చేసిన నీళ్లు, కోడిమాంసం కడిగిన నీళ్లు కూడా ఇందులోనే ఉంటాయి. చెట్ల మొదట్లో, మట్టి కింద వదలండి. అరటికీ కొబ్బరికీ పర్వాలేదు. ఆకుకూరల మీద చల్లకండి. ఒక రోజుకి మించి నిల్వ పెట్టకండి, క్రిములు అందులో పెరుగుతాయి. ఇంట్లో ఎవరికైనా విరేచనాలుంటే తగ్గేదాకా ఆ నీళ్లు తోటకి మళ్లించకుండా మురుగు లైనులోకే పంపండి.

మూసీ కింది ఊళ్లలో మురుగు నీళ్లతోనే పారా గడ్డి, వరి, ఆకుకూరలు పండుతాయి. నగరాల అంచుల్లో చాలా కాలువల కిందా అంతే. ఉడికించే కూరలతో భయం లేదు. పచ్చిగా నూరే కొత్తిమీర, పుదీనా పచ్చళ్లు, సలాడ్‌లో వేసే క్యారట్, ముల్లంగి దగ్గర జాగ్రత్త పడాలి. వేళ్లు కోసేసి, మట్టి పోయేదాకా రెండు నీళ్లు కడిగి, వాసన కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) లీటరు నీళ్లకి 1 మిల్లీలీటరు చొప్పున వేసి 5 నిమిషాలు ముంచి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. క్లోరిన్‌కి ఏలికపాము గుడ్లు చావవు. వాటిని వదిలించేది రుద్ది కడగడమూ ఉడికించడమూ మాత్రమే.

నోటి దారి పట్టని జబ్బులు

బోదకాలు మురుగు జబ్బే. దాన్ని మోసే క్యూలెక్స్ దోమ మంచినీళ్ల కన్నా కుళ్లు నీళ్లనే ఇష్టపడుతుంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి జాలీ లేకపోతే ఆ ట్యాంకే దోమల పుట్ట. గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా వారం, పది రోజులు చాలు. గొట్టం పైన సన్నని నైలాన్ జాలీ బిగించి ఏటా చూసుకోండి, ఎండకి చిరుగుతుంది. ట్యాంకు మూతల సందులు సిమెంటుతో మూయండి. పూర్తిగా మూసి ఉన్న గుంటల్లో నీళ్ల మీద థర్మోకోల్ గింజలు ఒక పొరగా వేస్తే దోమ పిల్లలకి గాలి అందదు. ఆఫ్రికాలోని జాంజిబార్‌లో 1980ల చివర్లో ఈ పద్ధతినీ, మందు పంపిణీనీ కలిపి బోదకాలుని బాగా తగ్గించారు. పారే కాలువల్లో ఇది పనికిరాదు, గింజలు కొట్టుకుపోయి చెత్తవుతాయి. జాంజిబార్‌లో పంచిన ఆ మందు డీఈసీ. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైంది. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇచ్చే మాత్రల్లో ఇదీ ఒకటి. జబ్బు లేదని పారేయకండి, కాలు వాచకముందే రక్తంలో ఉన్న పురుగు పిల్లల్ని చంపడానికే అవి ఇస్తారు. రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకి ఇవ్వరు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లలో రోజుల తరబడి నిలిచిన నీళ్లలో మురుగంతా ఉంది. అలాంటి నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. చర్మం మీది చిన్న గాయం చాలు. ఇల్లు కడిగేవాళ్లు గంబూట్లు, గ్లౌజులు వేసుకోవాలి. బురదలో తిరిగిన కొన్ని రోజుల తర్వాత జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి నీళ్లలో తిరిగిన సంగతి చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరమనుకుంటారు.

ఫ్లాట్లలో ఉండేవాళ్లకి 2003 నాటి హాంకాంగ్ సంగతి. ఆమోయ్ గార్డెన్స్ అనే అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ అనే ఊపిరితిత్తుల జబ్బు సోకింది. బాత్రూం నేల మీది నహానీ ట్రాప్‌లు ఎండిపోయి, మురుగు గొట్టంలోని తుంపర్లని ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఇళ్లలోకి లాగాయని విచారణలో తేల్చారు. ట్రాప్‌లో నిలిచే రెండంగుళాల నీళ్లే మురుగు గొట్టానికీ మీకూ మధ్య ఉన్న తలుపు. వాడని బాత్రూంలో వారానికోసారి చెంబెడు నీళ్లు పోయండి. నెలరోజులు ఊరెళ్తుంటే నీళ్ల మీద రెండు చెంచాల వంటనూనె వేయండి, త్వరగా ఆవిరి కాదు. వాషింగ్ మిషన్ పైపు దూర్చడానికి ట్రాప్ కప్పుని పీకేసే అలవాటు మానాలి.

కలిసిపోయిందని తెలిసిన రోజు

నీళ్లు వాసన వచ్చినా, రంగు మారినా, వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి విరేచనాలు మొదలైనా సంపు నీళ్లు వాడటం ఆపండి. తాగే నీళ్లు తెర్లనివ్వండి. బుడగలు వచ్చాక ఒక నిమిషం మరిగితే చాలు. మడ్డిగా ఉంటే ముందు బట్టలో వడకట్టండి. యూవీ ఫిల్టరు మడ్డి నీళ్లలో పనిచేయదు, వెలుతురు క్రిమి దాకా చేరదు.

సంపు తోడేసి, గోడలు బ్రష్షుతో రుద్ది, ఆ నీళ్లు తీసేసి, మళ్లీ నింపి క్లోరిన్ వేయాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో హెచ్చించి 28తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 6, 5, 5 అడుగుల సంపు 4,200 లీటర్లు. కొత్త బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. 1,000 లీటర్లకి 150 గ్రాముల చొప్పున ఈ సంపుకి 630 గ్రాములు కావాలి. బకెట్ నీళ్లలో కలిపి, పావుగంట తేరనిచ్చి, అడుగు సున్నం వదిలి పైతేట మాత్రమే పోయండి. మోటారు వేసి పై ట్యాంకుకి ఎక్కించి, ప్రతి కొళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. 12 గంటల తర్వాత మొత్తం వదిలేయాలి, ఆ నీళ్లు తాగకూడదు. తెరిచి ఉంచిన పాత పౌడరులో బలం ఉండదు. తర్వాత రోజువారీ నీళ్లకి 1,000 లీటర్లకి రెండున్నర గ్రాములు వేసి గంట ఆగితే సరిపోతుంది. క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకి 0.5 మిల్లీగ్రాములు కనిపించాలి. కొళాయి దగ్గర 0.2 కన్నా తగ్గకూడదు. నిన్నటిదాకా 0.5 ఉన్నది ఇవాళ సున్నా అయితే ఏదో కలుస్తోందని అర్థం, మందు పెంచి ఊరుకోకుండా పైపు వెతకండి. బ్లీచింగ్‌ని బాత్రూం కడిగే యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

విరేచనాల మనిషికి మొదటి విరేచనం నుంచే ఓఆర్ఎస్ పట్టాలి. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లకి తలగొట్టి 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. పిల్లలకి జింక్ 14 రోజులు, ఆరు నెలలు దాటితే రోజుకి 20 మిల్లీగ్రాములు. విరేచనాలు తగ్గినా మధ్యలో ఆపకూడదు. బియ్యం కడుగు లాంటి విరేచనాలు, మూత్రం రాకపోవడం, కళ్లు లోపలికి పోవడం కనిపిస్తే సెలైన్ అవసరం, ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక పని చేయండి. సంపు కడగకముందే, క్లోరిన్ వేయకముందే, రోడ్డు లైను నుంచి నేరుగా వచ్చే కొళాయి దగ్గర ఒక సీసా, సంపులోంచి ఒక సీసా పట్టి పెట్టండి. శుభ్రంగా మరిగించిన గాజు సీసాలు కావాలి. మూతల మీద తేదీ, సమయం రాయండి. ఐస్ పెట్టెలో పెట్టి 24 గంటల్లోపు నీటి పరీక్ష ల్యాబుకి చేరాలి. ఊళ్లో హెచ్‌టూఎస్ సీసాలు (మలం కలిసిందో లేదో రంగు మారి చూపించే పరీక్ష సీసాలు) దొరికితే వాటిలో గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచండి, నల్లబడితే మలం కలిసినట్టే అనుకోవాలి. లైను సీసా బాగుండి సంపు సీసా నల్లబడితే తప్పు మీ కాంపౌండులో ఉంది. రెండూ నల్లబడితే మెయిన్ నుంచి మీ గేటు దాకా ఎక్కడో ఉంది, కాలువ బండ లేపి చూడాల్సింది అప్పుడే. హైదరాబాద్‌లో జలమండలి ఫిర్యాదుల నంబరు 155313. ఫోన్ చేసేటప్పుడు ఏ గంటకి నీళ్లు వదిలారో, మొదటి నీళ్లా తర్వాతి నీళ్లా ఏవి వాసన వచ్చాయో, పక్క ఇళ్లలో ఎన్నింటికి వచ్చిందో చెప్పండి. వదిలిన మొదటి పది నిమిషాలే వాసన వచ్చి తర్వాత తగ్గితే చిల్లు మీ ఇంటికి దగ్గర్లోనే ఉండొచ్చు, లైన్‌మ్యాన్‌ అక్కడి నుంచే తవ్వడం మొదలుపెట్టవచ్చు.